ఏ మీట ఏ చేతికి?

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు రహదారిపై ఇబ్రహీంపట్నము కలదు. కుతుబ్‌షాహీల కాలమునాటి పెద్దచెరువు వలన ఆ ఊరు ఏనాడో పేరుపొందినది. ఇప్పుడు ఆ ప్రాంతమునకు మరియొక ప్రసిద్ధి కలిగినది. ఆ మండలములోని ఆదిభట్లలో టాటా వారి కర్మాగారములు విమానభాగములను తయారుచేయుచున్నవి. సి-130జె రవాణా విమానముల తోకభాగములును, అపాచీ హెలికాప్టర్ల దేహములును అక్కడ రూపొంది సముద్రములు దాటిపోవుచున్నవి. చుట్టుపట్ల ఇంజనీరింగు కళాశాలలు పెక్కు. థర్మకోలు పలకలను కోసి, చిన్న విద్యుత్ మోటారు బిగించి, విద్యార్థులు స్వయముగా చేసికొన్న విమానములను రేడియో సహాయమున ఎగురవేయుట ఇట్టి కళాశాలల మైదానములలో నేడు అరుదైన దృశ్యము కాదు.

విమానము పైనున్నది, నడుపువాడు నేలమీదనే నిలిచియున్నాడు. అతని చేతులలో ఒక పెట్టె కలదు. దానిపై రెండు చిన్న మీటలు నిలువుగా నిలిచియుండును. వీనిని అందరును స్టిక్కులనియే పిలుచుచున్నారు. ఒక్కొక్క స్టిక్కు ముందువెనుకలకును, కుడియెడమలకును కదలగలదు. అనగా రెండు స్టిక్కులకు కలిసి నాలుగు కదలికలు. విమానమునకు కావలసిన ఆజ్ఞలును నాలుగే: ముక్కును పైకెత్తు లేక క్రిందికి దించు ఎలివేటరు, రెక్కలను ఒక ప్రక్కకు వాల్చు ఐలరాను, తోకను కుడియెడమలకు త్రిప్పు చుక్కాని, మోటారు వేగమును హెచ్చించి తగ్గించు థ్రాటిలు. నాలుగు కదలికలకు నాలుగు ఆజ్ఞలు సరిపోయినవి. చిక్కంతయు ఏ ఆజ్ఞ ఏ చేతికి అప్పగింపవలెనను దగ్గర వచ్చినది.

ఈ పంపకములో ప్రపంచమున నాలుగు పద్ధతులు వాడుకలో నున్నవి. వానిని ‘మోడులు’ అందురు. ఒకటవ మోడులో ఎలివేటరు, చుక్కాని ఎడమచేతివి. థ్రాటిలు, ఐలరాను కుడిచేతివి. రెండవ మోడులో థ్రాటిలు, చుక్కాని ఎడమచేతివి. ఎలివేటరు, ఐలరాను కుడిచేతివి. మూడవ మోడు రెండవదానిని అద్దములో చూచినట్లుండును. నాలుగవది ఒకటవదానికి అట్టిదే. ఈ చివరి రెండును వాడువారు తక్కువ. అసలు వివాదము మొదటి రెంటి మధ్యనే. శ్రద్ధగా చూచినచో ఈ రెంటికిని గల భేదము మిక్కిలి స్వల్పము. రెంటిలోను ఐలరాను కుడిచేతిదే, చుక్కాని ఎడమచేతిదే. ఎలివేటరు, థ్రాటిలు మాత్రము చేతులు మార్చుకొన్నవి.

అయితే ఆ స్వల్పభేదమే విమానమును కూల్చగలదు. ఒక ఉదాహరణము తీసికొందము. విద్యార్థి రెండవ మోడు పెట్టెతో విమానము నడుపుచున్నాడు. అది 40 మీటర్ల ఎత్తున, సెకండుకు 20 మీటర్ల వేగముతో, 45 డిగ్రీల వాలులో క్రిందికి దూకసాగినది. విద్యార్థి కలవరపడి పెట్టెను ప్రక్కనున్న అనుభవజ్ఞునికి అందించినాడు. ఆ అనుభవజ్ఞుడు ఒకటవ మోడులో చేయి తిరిగినవాడు. విమానము నిట్టనిలువున సెకండుకు సుమారు 14 మీటర్ల చొప్పున దిగుచున్నది కావున నేలను తాకుటకు మూడు సెకండ్లు కూడ లేవు. అతడు అలవాటు చొప్పున ముక్కెత్తుటకై ఎడమ స్టిక్కును వెనుకకు లాగును. ఆ పెట్టెలో అది థ్రాటిలు; మోటారు ఆగిపోవును, ముక్కు లేవదు. వెంటనే మోటారుకు బలమిచ్చుటకై కుడి స్టిక్కును ముందుకు త్రోయును. ఆ పెట్టెలో అది ఎలివేటరు; ముక్కు మరింత క్రిందికి పోవును. ఇట్లు రక్షింపవచ్చినవాని నేర్పే విమానమును వేగముగా నేలకు కొట్టును. ఏమియు తెలియనివాడు ఊరకున్నను ఇంతకంటె కొంత మేలు జరిగియుండెడిది. ఒక కిలోగ్రాము బరువుగల విమానము ఆ వేగముతో వచ్చి మనిషిని తాకినచో, ఆరేడు అంతస్తుల మేడపైనుండి కిలో రాయి పడినంత దెబ్బ. కనుక దీనిని ఆటవస్తువును గూర్చిన తగవని తీసివేయరాదు.

ఈ తగవు రేడియో కంటె, నమూనా విమానముల కంటె పాతది. మనుష్యుడు ఎగురుట నేర్చిన నాడే ఇది పుట్టినది. 1903లో రైట్ సోదరుల మొదటి విమానమున నడుపువాడు బోరగిలపడుకొని, ఎడమచేతి మీటతో ఎలివేటరును, నడుము కదలికతో రెక్కల మెలికను నడిపెడివాడు. 1908 నాటికి వారు కూర్చుండి నడుపు ఏర్పాటు చేసి, నిలువు మీటలను అమర్చిరి. ఆ సంవత్సరము మే 14వ తేదీన కిటీహాక్ సమీపమున విల్బర్ రైట్ కొత్త మీటలతో ఎగురుచు, ఎలివేటరు మీటను తప్పుగా కదల్చి ఇసుకలో కూలెను. ప్రాణాపాయము తప్పినది. లోకములో అందరికంటె ఎక్కువ అనుభవము గల విమానచోదకుడు ఆతడు. అయినను చేతి అలవాటు మారకముందే మీట మారుటచే పొరబడెను.

ఆ తరువాత రైట్ విమానములలో మరియొక వింత చోటుచేసికొన్నది. 1910 నాటి ‘బి’ రకపు విమానములో ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుందురు. రెక్కల మెలిక మీట ఒక్కటే, ఇద్దరి నడుమ నుండును. ఎలివేటరు మీటలు మాత్రము రెండు, చెరియొక వెలిప్రక్కన. అందుచే ఎడమసీటులో నేర్చినవానికి మెలిక కుడిచేత, ఎలివేటరు ఎడమచేత అలవడును. కుడిసీటులో నేర్చినవానికి అంతయు తారుమారు. ఇట్లు అమెరికాలో ఎడమసీటు చోదకులు, కుడిసీటు చోదకులు అను రెండు తెగలు ఏర్పడినవి. ఒకడు రెండవవాని స్థానమున కూర్చుండి నడుపజాలడు. నేటి ఒకటవ మోడు, రెండవ మోడు వారికి వీరే పూర్వులనవచ్చును. అదే కాలమున గ్లెన్ కర్టిస్ తన విమానములలో ఐలరానులను భుజముల కదలికతో నడుపు ఏర్పాటు చేసెను. పోటీదారులైన ఇద్దరు నిర్మాతల విమానములకు అలవాట్లును వేరువేరైనవి.

ఈ గందరగోళమును తీర్చినది ఫ్రాన్సు. రాబర్ట్ ఎస్నో-పెల్టెరీ 1907లో ఒకే కర్రతో ఎలివేటరును, రెక్కల వాలును నడుపు పద్ధతికి పేటెంటు పొందెను. లూయీ బ్లేరియో 1908లో తన ఎనిమిదవ విమానమున చేతికర్రను, కాలితో త్రొక్కు చుక్కానిని కలిపి అమర్చెను. మరుసటి ఏడు ఇంగ్లీషు ఛానలును దాటి ఆతడు గడించిన కీర్తి ఆ పద్ధతికిని వ్యాప్తి తెచ్చినది. నాటినుండి యుద్ధవిమానములలో కుడిచేత కర్ర, ఎడమచేత థ్రాటిలు, కాళ్ళక్రింద చుక్కాని అనునది స్థిరపడినది. పెద్ద విమానములలో తగవు తీరినది. చిన్నవానిలో మరల తలయెత్తినది. కారణము స్పష్టమే: నేలమీద నిలిచినవానికి కాళ్ళతో పని లేదు. నాలుగు పనులును రెండు చేతులే పంచుకొనవలెను.

రేడియో నియంత్రణమునకు ఆద్యుడు నికోలా టెస్లా. ఆతడు 1898లో న్యూయార్కు నగరమున ఒక చిన్న పడవను తీగలు లేకుండ నడిపి చూపి, ఆ ఏడే పేటెంటు పొందెను. 1935లో బ్రిటిషువారు ఫిరంగి గురి అభ్యాసమునకై ‘క్వీన్ బీ’ అను మనిషిలేని విమానమును తయారుచేసిరి. దానికి ఆజ్ఞలు పంపుటకు స్టిక్కు లేదు. టెలిఫోనుకు నంబరు త్రిప్పు చక్రము వంటిది ఉండెడిది. నేడు మనము వాడు ‘డ్రోను’ అను మాట ఆ రాణీఈగ పేరునుబట్టియే, మగ తేనెటీగ అను అర్థమున పుట్టినదని చెప్పుదురు. 1937లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున వాల్టర్ గుడ్, విలియం గుడ్ అను కవల సోదరులు ‘గఫ్’ అను నమూనా విమానమును రేడియోతో ఎగురవేసిరి. అది ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థవారి సేకరణలో నున్నది.

ఆనాటి పరికరములలో మోడు తగవు పుట్టుటకు వీలే లేదు. తరువాతి రెండు దశాబ్దములలో అభిరుచిగలవారు వాడిన పెట్టెలపై చాలవరకు ఒకే మీట నుండెడిది. విమానములో మెలిపెట్టిన రబ్బరుపట్టి ఒకటి, దానిని ఒక్కొక్క మెట్టుగా విడుచు కొక్కెము ఒకటి ఉండెడివి. మీట ఒకసారి నొక్కి పట్టిన చుక్కాని కుడికి, రెండుసార్లు నొక్కి పట్టిన ఎడమకు, విడిచిన నడిమికి వచ్చెడిది. లెక్క తప్పినచో విమానము వేరుదారిన పోయెడిది. నడుపువానికి చేతి నేర్పు కంటె లెక్క జ్ఞాపకముంచుకొను శక్తి ఎక్కువ కావలసియుండెను.

తరువాత ‘రీడు’ పరికరములు వచ్చినవి. హార్మోనియములోని రీడు ఒక్కొక్కటి ఒక్కొక్క స్వరమునకు మ్రోగునట్లు, గ్రాహకములోని ఉక్కు నాలుకలు ఒక్కొక్కటి ఒక్కొక్క కంపనసంఖ్యకు మాత్రమే కదలును. పెట్టెపై ఒక స్విచ్చిని త్రోసిన ఒక స్వరము పోవును. దానికి తగిన నాలుక అదరి విద్యుత్తును కలుపును. ఐలరానో ఎలివేటరో కదలును. పది రీడులున్నచో ఐదు పనులను రెండేసి దిక్కులకు నడుపవచ్చును. 1960లో స్విట్జర్లండులో జరిగిన మొదటి ప్రపంచ రేడియో నమూనా పోటీలలో గెలిచిన ఎడ్ కజ్మిర్‌స్కీ అను అమెరికనుడు వాడినది ఈ రీడు పరికరమే.

ఒకటవ మోడునకు మూలము ఇక్కడ నున్నది. రీడు పెట్టెపైనున్నవి స్టిక్కులు కావు, స్విచ్చులు. వానికి ‘కొంచెము’ అనునది తెలియదు. త్రోసిన పూర్తిగా, విడిచిన శూన్యము. కొద్దిపాటి వాలు కావలెనన్న స్విచ్చిని టకటక కొట్టుచుండవలెను. మలుపులో ఐలరానును, ఎలివేటరును ఒకేసారి కొట్టవలసివచ్చును. రెండు స్విచ్చులు ఒకే చేతిక్రింద నున్నచో ఒక బొటనవ్రేలు రెంటిని కొట్టజాలదు. కనుక ఎలివేటరు ఎడమచేతికి, ఐలరాను కుడిచేతికి ఇచ్చిరి. ఇందులో శాస్త్రసిద్ధాంత మేమియు లేదు. బొటనవ్రేళ్ళు రెండే యుండుటయే కారణము.

1960 తరువాతి సంవత్సరములలో, స్టిక్కును ఎంత కదల్చిన అంతే కదలు పరికరములు వచ్చినవి. అమెరికాలో డాన్ మేథిస్, డగ్ స్ప్రెంగ్ మొదలైనవారు రూపొందించిన పద్ధతిలో, ఒక్కొక్క ఆజ్ఞయు సెకండులో వెయ్యవవంతు నుండి రెండు వెయ్యవవంతుల వరకు నిడివిగల స్పందనముగా పోవును. ఒకటిన్నర వెయ్యవవంతు నడిమిస్థానము. ఇట్టి స్పందనములు సెకండుకు సుమారు 50 మార్లు వచ్చును. విమానములోని సర్వో అను చిన్న మోటారు ఆ నిడివిని కొలిచి, తానున్న చోటుతో పోల్చుకొని, అంతమేరకు తిరుగును. నేటికిని సర్వోలు ఈ లెక్కకే లోబడియున్నవి. 1967లో కార్సికా ద్వీపమున ప్రపంచ విజేతయైన ఫిల్ క్రాఫ్ట్ ఇట్టి పరికరములను తయారుచేసి అమ్మినవాడే.

స్విచ్చులు పోయి స్టిక్కులు వచ్చుటతో ఒకటవ మోడునకు మూలకారణము తొలగిపోయినది. ఒకే స్టిక్కును మూలగా లాగి ఐలరానును, ఎలివేటరును కలిపి కదల్చుటకు ఒక్క చేయి చాలును. కావున అమెరికాలో చాలమంది పెద్ద విమానమును అనుకరించి, ఆ రెంటిని కుడి స్టిక్కునకు తెచ్చిరి. ఇదియే రెండవ మోడు. కొందరు ఇంకను ముందుకు పోయి, చుక్కానిని సైతము అదే స్టిక్కు కొనపై త్రిప్పుడు బిళ్ళగా పెట్టి, ఒంటిస్టిక్కు పెట్టెలు వాడిరి. అవి కొంతకాలము వెలిగి వెనుకబడినవి. కాని రీడు స్విచ్చులపై వ్రేళ్ళు తీర్చుకొన్నవారు పాత అలవాటును కొత్త స్టిక్కులకును తెచ్చుకొనిరి. వారు తమ శిష్యులకు అదే నేర్పిరి; ఆ శిష్యులు తమ శిష్యులకు నేర్పిరి. కారణము చచ్చినను ఆచారము బ్రతికినది.

ఇట్లు దేశముల మధ్య గీత ఏర్పడినది. అమెరికా, కెనడాలలో రెండవ మోడు వ్యాపించెను. జపానులోను, ఆస్ట్రేలియాలోను ఒకటవ మోడు చిరకాలము ప్రబలముగా నిలిచెను. ఐరోపాలో రెండును కలవు. చైనాలో వీనికి దేశముల పేర్లే పెట్టినారు: ఒకటవ మోడు ‘జపాను చేయి’, రెండవది ‘అమెరికా చేయి’, మూడవది ‘చైనా చేయి’. మన పత్రికాకార్యాలయములలోను ఇట్టి వింత కలదు. తెలుగు టైపు చేయువారిలో ‘ఆపిల్’ అమరిక నేర్చినవాడు ‘మాడ్యులర్’ అమరికపై తడబడును. ఇన్‌స్క్రిప్టు నేర్చినవానికి ఆ రెండును కొత్తవే. రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్టు పాతవానిలో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండెడివి, కొత్తవానిలో తారుమారు. పాతబండి నడిపినవాడు కొత్తదానిపై మొదటిసారి బ్రేకు వేయబోయి గేరు మార్చుట ఎరుగని మెకానిక్కు లేడు.

ఏది మేలు? ఒకటవ మోడువారు చెప్పు ముఖ్యమైన వాదము ఒకటి కలదు. ముక్కు ఒక చేత, వాలు ఒక చేత నుండుటవలన ఒకదానిని కదల్చునపుడు రెండవది తెలియక కదలదు. అందుచే విన్యాసములలో గీత చక్కగా వచ్చును. ఇది నిరాకరింపరాని మాట. రెండవ మోడువారికి అసలు విమానముతో పోలిక కలదు. చేతితో విసరి ఎగురవేయునపుడు ఎడమచేత పెట్టె పట్టి, కుడిచేత విసరి, ఆ చేతినే స్టిక్కునకు చేర్చిన ప్రధాన నియంత్రణములు రెండును దొరకును. ఈ రెండు వాదములలోను సత్యమున్నది గాని, ఒక మోడులో నేర్చినవారు పైకి వచ్చి రెండవదానివారు వెనుకబడిన దాఖలా లేదు. కావున మొదట చేయి పట్టి నేర్పువాడు ఏ మోడువాడో అదియే మేలైనదని నిర్ణయించుట యుక్తము. అతడు ప్రక్కన నిలిచి పెట్టెను అందుకొనవలసినవాడు గదా.

మన దేశమున ఈ వినోదము చాలకాలము కొద్దిమందికే పరిమితమై యుండెను. ఎన్.సి.సి. వైమానిక విభాగములో నమూనా విమానముల నిర్మాణము శిక్షణలో భాగము. అందు రెండు తీగలతో పట్టుకొని చుట్టును త్రిప్పు విమానములు కూడ కలవు. తీగల విమానమునకు మోడు లేదు, ఒక్క పిడియే. రేడియోకు మాత్రము అడ్డంకులు రెండు: దిగుమతి ఖరీదు, 1933 నాటి వైర్‌లెస్ చట్టము క్రింద కావలసిన లైసెన్సు. అదిగాక పాతకాలపు పెట్టెలు స్ఫటికముతో స్థిరపడిన ఒకే కంపనసంఖ్యపై పనిచేసెడివి. ఒకే సంఖ్య గల రెండు పెట్టెలు ఒక మైదానమున వెలిగినచో రెండు విమానములకును ముప్పే. 2005 జనవరిలో ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తిగల పరికరములకు లైసెన్సు అక్కరలేదని ప్రకటించెను. ఆ పట్టీలో పెట్టెయు, గ్రాహకమును తమలో తాము జతకట్టి, కంపనసంఖ్యలను మార్చుకొనుచు మాటలాడుకొనును. చవకగా దొరకు చైనా పెట్టెలు విద్యార్థుల చేతికి వచ్చినవి. మన అంగళ్ళలో అమ్మునవి ఎక్కువగా రెండవ మోడువే గనుక కొత్తతరమునకు ఎంచుకొను అవసరమే రాలేదు. పాతకాలపు ఒకటవ మోడు గురువు ఎదురైనపుడు మాత్రమే చిక్కు.

ఇప్పుడు ఈ విషయము జీవనోపాధికిని సంబంధించినది. 2021 ఆగస్టు 25న కేంద్రప్రభుత్వము డ్రోనుల నిబంధనలను ప్రకటించెను. 250 గ్రాములకు లోబడిన వానికిని, వ్యాపారమునకు గాక వాడు రెండు కిలోగ్రాముల లోపు వానికిని చోదకుని ధ్రువపత్రము అక్కరలేదు. పొలముపై మందు చల్లు పెద్దవానికి అది కావలెను. ఆ సెప్టెంబరు 11న, 2016 వరకు రంగారెడ్డి జిల్లాలో భాగమైయుండిన వికారాబాదులో డ్రోనులచే మందులు, టీకాలు పంపు ప్రయోగము ప్రారంభమైనది. 2023లో ఆమోదింపబడిన ‘నమో డ్రోన్ దీదీ’ పథకము 15,000 మహిళాసంఘములకు వ్యవసాయ డ్రోనులు అందింపనెంచినది.

మందు చల్లు డ్రోను ముందుగా గీచిన దారివెంట తానే పోవును. స్టిక్కులతో పని లేదని తోచవచ్చును. కాని అడ్డముగా కరెంటుతీగ వచ్చినపుడు, గాలి హెచ్చినపుడు, పొలములోనికి మనిషి నడచివచ్చినపుడు చోదకురాలు స్టిక్కులు పట్టక తప్పదు. డ్రోనులో థ్రాటిలు స్టిక్కునకు అర్థము కూడ మారినది. విమానపు పెట్టెలో అది పెట్టినచోటనే నిలుచును; చాల డ్రోనులలో విడిచినంతనే స్ప్రింగుచే నడిమికి వచ్చును, అపుడు డ్రోను ఉన్న ఎత్తుననే నిలుచును. ఎత్తును తానే నిలుపుకొను ఈ ఏర్పాటు లేని యంత్రమును అదే అలవాటుతో పట్టినవారికి, నడిమిస్థానము నిలకడ కాదని తెలియుటకు ఎక్కువసేపు పట్టదు.

పెట్టె మోడును మార్చుట కష్టము కాదు. నేటి పెట్టెలలో అది తెరపై ఎంచుకొను అంశమే. అయితే థ్రాటిలు స్టిక్కును పట్టియుంచు రేకును, ఎలివేటరును నడిమికి తెచ్చు స్ప్రింగును కూడ ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు మార్చవలెను. ఇది మరచినవారి పెట్టెలో ముక్కు స్టిక్కు లాగినచోటనే నిలిచిపోవును, మోటారు తనంతట సగము వేగమునకు వచ్చును.

నేర్పువారికి ఇంతకంటె చక్కని ఉపాయము కలదు. గురువు పెట్టెను, శిష్యుని పెట్టెను ఒక తీగతో కలుపుదురు. కొత్తవానిలో తీగ కూడ లేదు. గురువు ఒక స్విచ్చిని నొక్కిపట్టినంతసేపు విమానము శిష్యునిది; విడిచినంతనే గురువుది. ఆ తీగలో పోవునవి స్టిక్కుల స్థానములు కావు, ఎలివేటరునకు ఇంత, థ్రాటిలునకు ఇంత అను ఆజ్ఞలు. కావున గురువు ఒకటవ మోడు, శిష్యుడు రెండవ మోడు అయినను విమానమునకు భేదము తెలియదు. ఒక జాగ్రత్త మాత్రము కావలెను. ఫుటాబా వంటి పెట్టెలు ఆజ్ఞలను ఐలరాను, ఎలివేటరు, థ్రాటిలు, చుక్కాని అను వరుసలో పంపును. స్పెక్ట్రమ్ వంటివి థ్రాటిలుతో మొదలుపెట్టును. రెండు కంపెనీల పెట్టెలను కలిపినపుడు ఈ వరుసను సరిచూచి, ప్రొపెల్లరు ఊడదీసి, నేలమీదనే స్టిక్కులను ఒక్కొక్కటిగా కదల్చి, ఏ పలక కదలినదో కంటితో చూచిన పిమ్మటనే విమానమును చేతికెత్తుకొనుట శిక్షకుల వాడుక.